ఒకే గొంతు, వందల చావులు

(ఒక ఫిల్మ్ సొసైటీ నెలవారీ సమావేశంలో చేసిన ప్రసంగానికి అక్షర రూపం)

సభకు నమస్కారం.

మాట మొదలుపెట్టే ముందు మీకు ఒక శబ్దం వినిపిస్తాను. తెర మీద బొమ్మ ఏమీ ఉండదు కాబట్టి కళ్లు మూసుకున్నా నష్టం లేదు, చెవులు మాత్రం ఇటు పెట్టండి.

(శబ్దం వినిపించారు. సభలో నవ్వులు.)

కొందరు నవ్వారు. వాళ్లకు ఈ శబ్దంతో పాత పరిచయం ఉంది. కొందరు పక్కవాళ్ల ముఖం చూశారు. వాళ్లకు ఎక్కడో విన్నట్టే ఉంది గాని ఎక్కడ విన్నారో అందడం లేదు. ఒక మనిషి ప్రాణం పోతున్నట్టు అరిస్తే ఈ నవ్వులేమిటని మిగిలినవాళ్లు ఆశ్చర్యపోయి ఉంటారు. ఈ సాయంత్రం నేను చెప్పదలచిన విషయం ఈ మూడు రకాల ముఖాల మధ్యనే ఉంది.

ముందు ఆ శబ్దాన్ని కాస్త దగ్గరగా చూద్దాం. దాని నిడివి ఒక సెకను, మహా అయితే మరి కాస్త. మగగొంతు. నడిమి స్థాయిలో మొదలై, చటుక్కున పైకి లేచి, అక్కడ పగిలి, ఒక మూలుగులా కిందికి జారి తెగిపోతుంది. అరుపులకు మన భాషలో పేర్ల కొరత లేదు. కేక, పొలికేక, గావుకేక, పెడబొబ్బ, ఆర్తనాదం అని ఎన్నో ఉన్నాయి. అయినా వీటిలో ఏదీ దీనికి సరిగ్గా అతకదు. గావుకేకకు నిడివి ఉండాలి, పెడబొబ్బకు ఓపిక ఉండాలి, ఆర్తనాదానికి కొంత గాంభీర్యం ఉండాలి. ఇక్కడ ఆ మూడూ లేవు. మెట్టు తప్పినవాడు, చీకట్లో పిల్లి తోక తొక్కినవాడు పెట్టే అరుపు వంటిది ఇది. బాధ కంటే ఉలికిపాటే ఇందులో ముందు వినిపిస్తుంది. హాలీవుడ్ సౌండ్ ఎడిటర్లు దీన్ని ‘విల్‌హెల్మ్ అరుపు’ అంటారు. 400కు పైగా సినిమాల్లో ఈ అరుపు ఉందని అభిమానులు లెక్క తేల్చారు.

ఇది మొదట వినబడిన సినిమా 1951లో వచ్చిన ‘డిస్టెంట్ డ్రమ్స్’. రౌల్ వాల్ష్ దర్శకుడు, గ్యారీ కూపర్ కథానాయకుడు, వార్నర్ బ్రదర్స్ వారి చిత్రం. కథ 1840 నాటి ఫ్లోరిడాలో, సెమినోల్ తెగవారితో అమెరికా సైన్యం చేసిన యుద్ధకాలంలో జరుగుతుంది. సైనికులు ఎవర్‌గ్లేడ్స్ చిత్తడినేలల గుండా నీళ్లలో దిగి నడుస్తూ ఉండగా, వరసలో ఉన్న ఒక సైనికుణ్ణి మొసలి పట్టి నీళ్ల అడుగుకు లాక్కుపోతుంది. ఆ సైనికుడి అరుపును సినిమా చిత్రీకరణ తర్వాత స్టూడియోలో విడిగా రికార్డు చేశారు. ఒకే నటుడు మైకు ముందు నిలబడి, ఒక్క విడతలోనే, వెంటవెంటనే ఆరు పొట్టి అరుపులు అరిచాడు. ఆ రికార్డింగుకు పెట్టిన పేరు ‘మొసలి కరిచిన మనిషి అరుస్తాడు’ అన్నట్టుగా, ఏ అలంకారమూ లేకుండా ఉంటుంది. ఆరింటిలో ఐదోదాన్ని మొసలి సన్నివేశానికి తీసుకున్నారు. అదే సినిమాలో అంతకు ముందు కోట మీద జరిగే దాడిలో తుపాకీ దెబ్బలు తిన్న ముగ్గురు అమెరికా ఆదివాసులకు నాలుగు, ఐదు, ఆరు అరుపులను పంచారు. పుట్టిన సినిమాలోనే ఈ గొంతు నాలుగుసార్లు పనికొచ్చిందన్నమాట. ప్రేక్షకులు మొసలి నోట్లో పడ్డవాడి దగ్గరకు వచ్చేసరికి ఆ గొంతును అప్పటికే విని ఉన్నారు, అయినా ఎవరూ గమనించలేదు.

ఇలా పంచుకోవడాన్ని పిసినారితనం అనుకోకండి. నేను చాలా ఏళ్ల క్రితం కొంతకాలం ఒక డబ్బింగ్ థియేటర్‌లో సహాయకుడిగా పనిచేశాను. పోరాట దృశ్యాలున్న సినిమా వచ్చిందంటే క్రౌడ్ గొంతుల కోసం నలుగురైదుగురిని పిలిపించేవారు. వారిలో ఒక పెద్దాయన ఉండేవాడు. పొద్దున పదింటికి వచ్చి, టీ తాగి, మైకు ముందు నిలబడి, ‘ఎట్లా చావాలి సార్? కత్తితోనా, తుపాకీతోనా, మేడ మీద నుంచా?’ అని అడిగేవాడు. ఆ ప్రశ్నలో వెటకారం ఉండేది కాదు. అది పనికి సంబంధించిన ప్రశ్న. మధ్యాహ్న భోజనం లోపల ఆయన పది, పదిహేను రకాలుగా చచ్చేవాడు. ఆయనతో ఒక్కటే ఇబ్బంది. దెబ్బ ఏదైనా ఆయన నోట ‘అమ్మా’ అని వచ్చేది. ఇంజనీరు అద్దం వెనక నుంచి, ‘అమ్మ వద్దు బాబాయ్, ఊరికే అరువు’ అని బతిమాలేవాడు. మాట లేని అరుపయితే ఏ సినిమాకైనా, ఏ భాషకైనా వాడుకోవచ్చు. మాట వచ్చిందా, అది ఆ భాషలోనే ఉండిపోతుంది.

హాలీవుడ్ స్టూడియోల సౌండ్ లైబ్రరీలు నిలబడినది కూడా ఈ లెక్క మీదే. ఒక అరుపు కావాలంటే నటుణ్ణి పిలవాలి, రికార్డింగ్ స్టేజి ఖాళీ చూడాలి, ఇంజనీరును కూర్చోబెట్టాలి. ఇంతలో విడుదల తేదీ తరుముకొస్తూ ఉంటుంది. వెనక ఏ సంగీతమూ, గాలి చప్పుడూ, మరొకరి మాటా కలవకుండా శుభ్రంగా పడిన అరుపు ఒకటి బీరువాలో ఉంటే, ఎడిటర్ దాని నకలు తీయించి, ఫిల్మ్ ముక్కను కత్తిరించి, కింద పడుతున్న మనిషి బొమ్మకు ఎదురుగా అతికిస్తాడు. అప్పటి పద్ధతిలో శబ్దమూ చిల్లుల ఫిల్మ్ మీదే ఉండేది గనుక, నిజంగానే కత్తెర పట్టి అతికించే పని అది. ఉరుములూ, గుర్రపు డెక్కలూ, తలుపు కిర్రుమనడమూ అన్నీ ఇలాగే చేతులు మారేవి. 1931 నాటి ‘ఫ్రాంకెన్‌స్టైన్’ కోసం రికార్డు చేసిన ఒక ఉరుము తర్వాత అర్ధ శతాబ్దానికి పైగా భయం గొలిపే ప్రతి వానరాత్రిలోనూ ఉరుముతూనే ఉంది. అమెరికా సినిమాల్లో గద్ద కనబడితే వినబడే ఆ పదునైన కూత, చాలాసార్లు, తెర మీది గద్దది కాదు, ఎర్రతోక డేగది. అక్కడి జాతీయ చిహ్నమైన పక్షి గొంతు ఆ ఠీవికి తగినట్టు ఉండదట మరి.

ఈ అరుపుకు తన పేరు ఇచ్చిన సినిమా వేరు. 1953లో గోర్డన్ డగ్లస్ దర్శకత్వంలో ‘ది ఛార్జ్ ఎట్ ఫెదర్ రివర్’ అనే వెస్టర్న్, అంటే కౌబాయ్ తరహా సినిమా, వచ్చింది. త్రీడీ సినిమాల మొదటి మోజు నడుస్తున్న ఏడాది గనుక బాణాలూ ఈటెలూ ప్రేక్షకుల ముఖం మీదికే వస్తుంటాయి. అందులో విల్‌హెల్మ్ అనే ఒక మామూలు సైనికుడు ఉంటాడు. రాల్ఫ్ బ్రూక్ అనే నటుడు వేసిన చిన్న వేషం. గుర్రాల మీద అందరూ ముందుకు పోతూ ఉండగా ఇతను కాస్త వెనకబడతాడు. నాయకుడు పేరు పెట్టి పిలిస్తే, పైపులో పొగాకు నింపుకొని వస్తానంటాడు. ఆ మాట నోట్లో ఉండగానే బాణం వచ్చి తొడలో దిగుతుంది, అతని నోట మన మొసలి అరుపు వస్తుంది. ఆ తర్వాత కథలో అతనికి పెద్దగా పనేమీ లేదు. అయినా ఇన్నేళ్ల తర్వాత ఆ సినిమాలో జనానికి గుర్తున్న పేరు కథానాయకుడిది కాదు, పొగాకు కోసం ఆగిన ఈ మనిషిది.

అక్కడి నుంచి రెండు దశాబ్దాల పాటు అది వార్నర్ వారి సినిమాల్లో కూలివాడిలా పనిచేసింది. అణుపరీక్షల వల్ల ఏనుగులను మించి పెరిగిన చీమల కథ ‘దెమ్!’ 1954లో వచ్చింది. అందులో ఒకటికి మించిన చోట్ల ఇది వినబడుతుంది. ఈజిప్టు పిరమిడ్ల కథ మీద 1955లో వచ్చిన ‘ల్యాండ్ ఆఫ్ ది ఫారోస్’లో ఉంది. 1968 నాటి ‘ది గ్రీన్ బెరేస్’లో వియత్నాం అడవుల్లో ఉంది. మరుసటి ఏడాది ‘ది వైల్డ్ బంచ్’లో మళ్లీ వెస్టర్న్‌కు తిరిగొచ్చింది. ఈ కాలమంతా దీన్ని వాడినవాళ్లు ఎవరూ సరదా కోసం వాడలేదు. బీరువాలో చేతికందే చోట ఉంది, బాగుంది, తీసి వాడారు, అంతే.

సరదా మొదలైనది 1970ల తొలినాళ్లలో, లాస్ ఏంజిలిస్‌లోని దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో. అక్కడ సినిమా చదువుకుంటున్న బెన్ బర్ట్, రిచర్డ్ ఆండర్సన్, రిక్ మిచెల్ అనే ముగ్గురు మిత్రులు పాత సాహస చిత్రాలంటే పడిచచ్చేవాళ్లు. వేరువేరు సినిమాల్లో, వేరువేరు మనుషులు ఒకే గొంతుతో చస్తున్నారని వాళ్ల చెవులు పట్టుకున్నాయి. ఇప్పటిలా సినిమాను ఆపి, వెనక్కు తిప్పి, పక్కన మరో సినిమా పెట్టి పోల్చుకునే వీలు ఆ రోజుల్లో లేదని గుర్తుంచుకోవాలి. ఒక సినిమాలో విన్న సెకను శబ్దాన్ని మనసులో దాచుకొని, నెలల తర్వాత మరో సినిమాలో పోల్చుకోవాలి. సంగీత కచేరీల్లో ఒక్క సంగతి వినగానే ఇది ఫలానా వారి బాణీ అని చెప్పే రసికులను మనం చూస్తుంటాం. వీళ్లది అచ్చంగా ఆ చెవే, కాకపోతే అది చావుకేకల మీద పనిచేసింది. పైపు నింపుకున్న ఆ సైనికుడి పేరును ఆ అరుపుకు పెట్టింది వీళ్లే. 1974లో కత్తియుద్ధాల సినిమాలను వెక్కిరిస్తూ తీసిన ‘ది స్కార్లెట్ బ్లేడ్’ అనే విద్యార్థి చిత్రంలో దాన్ని పెట్టుకొని తమలో తాము నవ్వుకున్నారు.

తర్వాత కొద్దికాలానికే బెన్ బర్ట్ చేతికి జార్జ్ లూకాస్ తీస్తున్న అంతరిక్ష యుద్ధాల సినిమా ‘స్టార్ వార్స్’ శబ్దాల పని వచ్చింది. ఇక్కడ నేను కాస్త ఆగుతాను, ఈ కథలో నాకు అన్నిటికంటే ఇష్టమైన వైచిత్రి ఇక్కడే ఉంది. ఆ సినిమాకు బర్ట్ పెట్టుకున్న నియమం, యంత్రాలలో పుట్టించిన కృత్రిమ ధ్వనుల మీద ఆధారపడకుండా, లోకంలో నిజంగా ఉన్న శబ్దాలను పట్టి తేవాలని. రేడియో టవరును నిలబెట్టే ఉక్కుతీగను సుత్తితో కొట్టి లేజరు తుపాకుల ధ్వని తెచ్చాడు. సినిమా ప్రొజెక్టరు మోటారు గుయ్యిమనే ధ్వనికి టీవీ పిక్చర్ ట్యూబు దగ్గర మైకులో పుట్టిన రొదను కలిపి వెలుగుకత్తుల శబ్దం చేశాడు. ఏనుగు ఘీంకారాన్నీ, తడిరోడ్డు మీద కారు పోయే చప్పుడునూ కలిపి శత్రువుల విమానాలను ఎగిరించాడు. ఎలుగుబంటి గొంతు నుంచి చ్యూబాకా అనే ఒళ్లంతా బొచ్చున్న పాత్రకు మాట ఇచ్చాడు. ఈ పనికి 1977 సంవత్సరానికి ఆస్కార్ వారి ప్రత్యేక పురస్కారం అందుకున్నాడు. ప్రతి శబ్దమూ కొత్తగా ఉండాలని తుపాకీకీ కత్తికీ అన్నింటికీ ఊళ్లు తిరిగిన ఆ మనిషే, శబ్దాల వేటలో పాత స్టూడియో లైబ్రరీ తవ్వుతుండగా మొసలి అరుపు అసలు రికార్డింగు దొరికేసరికి, దాన్ని తెచ్చి ఆ కొత్త లోకంలో భద్రంగా నాటాడు. డెత్ స్టార్ అనే శత్రువుల అంతరిక్ష స్థావరం లోపల, అడుగు కనబడని అగాధం ఒడ్డున, కథానాయకుడు ల్యూక్ కాల్చిన ఒక తెల్లకవచం సైనికుడు పైఅంచు నుంచి కిందికి పడతాడు. ఆ సినిమా మొదట్లో చెప్పినట్టు ‘చాలా కాలం క్రితం, ఎంతో దూరంలోని’ నక్షత్రమండలంలో పడిన ఆ మనిషి గొంతు 1951 నాటి ఫ్లోరిడా బురదనేలది.

అక్కడి నుంచి అది ఇద్దరు స్నేహితుల పందెంగా మారింది. బర్ట్ తన ప్రతి సినిమాలోనూ దాన్ని ఎక్కడో ఒకచోట దూర్చేవాడు. ఆండర్సన్ తన సినిమాల్లో దూర్చి, కనిపెట్టు చూద్దామనేవాడు. ఇద్దరూ కలిసి పనిచేసిన ‘రైడర్స్ ఆఫ్ ది లాస్ట్ ఆర్క్’ 1981లో వచ్చింది. దానికి ఇద్దరికీ కలిపి ఆస్కార్ ప్రత్యేక పురస్కారం వచ్చింది. ఆ సినిమాలోనూ ఆ అరుపు ఉందని వేరే చెప్పనక్కర్లేదు. 1983లో వచ్చిన ‘రిటర్న్ ఆఫ్ ది జెడై’లో బర్ట్ స్వయంగా ఒక సైనికాధికారి వేషం వేసి, పిట్టగోడ మీద నుంచి కిందపడుతూ, ఆ అరుపును తన గొంతుతోనే అనుకరించాడు. గురువు పాడిన కీర్తనను శిష్యుడు వేదిక మీద పాడినట్టు ఉంటుంది ఆ క్షణం. వాళ్ల సహచరులకూ తర్వాతి తరానికీ ఈ అలవాటు అంటుకుంది. గ్యారీ రైడ్‌స్ట్రోమ్ అనే సౌండ్ డిజైనర్ దాన్ని 1995 నాటి ‘టాయ్ స్టోరీ’లో కిటికీలోంచి బయటపడే బొమ్మకు ఇచ్చాడు. పీటర్ జాక్సన్ 2002లో ‘ది టూ టవర్స్’ కోటగోడ యుద్ధంలో వినిపించాడు. క్వెంటిన్ టరంటినో వాడాడు. ఒక కుటుంబంలో తాతగారి ఉంగరం చేతులు మారినట్టు ఈ సెకను శబ్దం ఎడిటర్ల నుంచి ఎడిటర్లకు చేరింది.

ఇంతకీ ఆ గొంతు ఎవరిది? సినిమా పేర్లలో ఎక్కడా లేదు. బర్ట్ వార్నర్ వారి పాత కాగితాలు వెతికి, ‘డిస్టెంట్ డ్రమ్స్’కు తర్వాత గొంతులు ఇవ్వడానికి పిలిపించిన నటుల జాబితా ఒకటి పట్టుకున్నాడు. ఆ జాబితాలో ఉన్న షెబ్ వూలీ దీనికి యజమాని అయి ఉంటాడని అతని నిర్ణయం. వూలీ ఆ సినిమాలో జెసప్ అనే సైనికుడిగా పేరు పడని చిన్న వేషం వేశాడు. మరుసటి ఏడాది ‘హై నూన్’లో అదే గ్యారీ కూపర్‌ను చంపడానికి వచ్చే నలుగురిలో ఒకడిగా కనిపించాడు. అతను 2003లో కన్నుమూశాడు. సినిమాల్లో అరవడంలోనూ చావడంలోనూ తనను మించినవాడు లేడని వూలీ హాస్యమాడేవాడని ఆ తర్వాత ఆయన భార్య చెప్పారు. సంతకం పెట్టిన సాక్ష్యం లేకపోయినా, ఈ విషయం పట్టించుకునేవారంతా వూలీ పేరునే ఒప్పుకుంటారు.

వూలీ అసలు వృత్తి పాటలు. 1958లో ‘పర్పుల్ పీపుల్ ఈటర్’ అని ఒక కొంటెపాట రాసి పాడితే, అది అమెరికా పాటల పట్టికలో ఆరు వారాలు మొదటి స్థానంలో నిలిచింది. అందులో ఒంటికన్ను, ఒంటికొమ్ము వింతప్రాణి మాట్లాడుతుంది. టేపు వేగం పెంచి చేసిన కీచుగొంతు అది. తన పేరుతో వచ్చి అతనికి డబ్బూ కీర్తీ తెచ్చిన శబ్దం యంత్రం మార్చిన గొంతు. యంత్రం తాకని అసలు గొంతేమో ఎవరిదో తెలియకుండా, వేరొకరి పేరు మోస్తూ, ప్రపంచమంతా తిరిగింది. ఆరు అరుపులూ కలిపి అర నిమిషం పని. ఆ పని చేసిన రోజును వూలీ ఆ తర్వాత తలచుకొని ఉంటాడా అని నాకు అప్పుడప్పుడు అనిపిస్తుంది.

ఇక మీరు నవ్విన నవ్వు సంగతి. చావుకేక నవ్వు ఎందుకు తెప్పిస్తుంది? దానికి చాలామంది చెప్పే జవాబు, గుర్తుపట్టడంలోని ఆనందం అని. అది నిజమే గాని సగం నిజం. గుర్తుపట్టడమే ఆనందమైతే, వందసార్లు విన్న ఆ పాత ఉరుము కూడా నవ్వించాలి. అది నవ్వించదు. తేడా ఎక్కడుందో చూడండి. ఉరుము ఎవరిదీ కాదు. గొంతు అలా కాదు, అది ఒక మనిషి ఆనవాలు. ఇంట్లో అరడజను మంది ఉన్నా, పక్కగదిలో దగ్గినవారెవరో దగ్గును బట్టి చెబుతాం. అటువంటి గొంతును ఒక సైనికుడికీ, ఒక బందిపోటుకూ, ఒక ఆటబొమ్మకూ తొడిగితే, మొదటిసారి మన బుద్ధి ఒప్పుకుంటుంది. మిషెల్ షియోన్ అనే ఫ్రెంచి సంగీతకారుడు, సినిమా శబ్దాల మీద ఎంతో ఆలోచించినవాడు, దీని కిటుకు వివరించాడు. ఒక దృశ్యమూ ఒక ధ్వనీ ఒకే క్షణంలో తగిలితే, అవి రెండూ ఎక్కడి నుంచి వచ్చినా సరే, మనసు వాటిని విడదీయలేనంతగా అతికించేస్తుందన్నాడు. పడుతున్న మనిషి నోరు మనకు కనబడకపోయినా ఆ అరుపు అతనిదే అయిపోతుంది. సినిమా బతికేదే ఈ అతుకు మీద. విల్‌హెల్మ్ అరుపును గుర్తుపట్టినవాడికి ఆ ఒక్క సెకనులో అతుకు ఊడిపోతుంది. తెర మీద మనిషి పడుతూనే ఉంటాడు, అతని గొంతు మాత్రం డెబ్బయి ఏళ్ల నాటి వేరే మనిషిది అని తెలిసిపోతుంది. చక్కగా కుట్టిన పట్టుచొక్కా లోపలి వైపు తిప్పి, టైలరు పెట్టిన గుర్తు చూసినట్టుంటుంది. నవ్వు వచ్చేది ఆ టైలరు మనకు కన్నుగీటాడని తెలిసి.

ఆ కన్నుగీటడంలో మరో సంగతి ఉంది. ఎడిటరు పని మంచిదైతే ఎవరికీ కనబడకూడదు. కెమెరామన్‌ను మెచ్చుకుంటారు, సంగీత దర్శకుణ్ణి నెత్తిన పెట్టుకుంటారు. మన దగ్గరయితే రీరికార్డింగ్ అంటే నేపథ్య సంగీతమే అనుకుంటారు, ఎఫెక్టులు చేసినవాడు ఎవరికీ గుర్తుండడు. రాత్రింబగళ్లు చీకటి గదిలో కూర్చుని అడుగుల చప్పుళ్లు అతికించే మనిషి, ఏ దర్శకుడూ ఏ నిర్మాతా అడగకుండా, ఒక్క సెకనులో తన సంతకం పెట్టుకోగలిగిన చోటు ఇదొక్కటే. పాత గుళ్లలో ఎవరూ చూడని మూల స్తంభం మీద శిల్పి తన కోసం చెక్కుకున్న చిన్న కోతిబొమ్మ చూశారా, అటువంటిది.

మనకూ ఈ అరుపుకూ ఉన్న సంబంధం డబ్బింగు ద్వారా వచ్చింది. హాలీవుడ్ సినిమాను తెలుగులోకి తెచ్చేటప్పుడు సంభాషణలను మాత్రమే తీసి కొత్తగా చెప్పిస్తారు. సంగీతమూ, ఎఫెక్టులూ ఉన్న ట్రాకు విడిగా వస్తుంది, దాన్ని ఉన్నది ఉన్నట్టు వాడతారు. ఈ అరుపు సాధారణంగా ఆ ఎఫెక్టుల ట్రాకులోనే ఉంటుంది. అందుకే తెలుగులో చక్కగా సంభాషణ చెప్పిన సైనికుడు కోట మీద నుంచి పడేటప్పుడు మాత్రం షెబ్ వూలీ గొంతుతో పడతాడు. మా ఊరి థియేటరులో అటువంటి సినిమా చూస్తూ నేను ఒక్కణ్ణే నవ్వితే, ముందు వరసలో కూర్చున్న ఒకాయన వెనక్కు తిరిగి, ‘మనిషి చస్తుంటే నవ్వుతావేమయ్యా’ అన్నాడు. ఆయనకు ఏం చెప్పాలో తోచలేదు. ఆయన వైపు న్యాయముంది. ఆయన సినిమా చూస్తున్నాడు, నేను అతుకు చూస్తున్నాను. మా డబ్బింగ్ థియేటర్ పెద్దాయన ‘అమ్మా’ అనకుండా అరవడానికి ఎందుకంత కష్టపడ్డాడో నాకు ఆ రోజు పూర్తిగా అర్థమైంది.

ఈ సరదాకు ఒక ఇబ్బంది కూడా ఉంది, దాన్ని దాచడం భావ్యం కాదు. కొద్దిమందికే తెలిసినంత కాలం ఇది రహస్యం. అంతర్జాలం వచ్చాక దీని మీద సంకలనాలు పుట్టాయి, ఒక సినిమా తర్వాత ఒకటి కత్తిరించి వరసగా పేర్చిన వీడియోలు లక్షలమంది చూశారు. అప్పటి నుంచి ఎడిటర్లు దాన్ని తమ కోసం కాక, కనిపెట్టేవాళ్ల కోసం పెట్టడం మొదలుపెట్టారు. ఎక్కడో యుద్ధపు గందరగోళంలో అణిగి ఉండవలసిన అరుపును ఇప్పుడు అన్ని శబ్దాలనూ తగ్గించి మరీ ముందుకు తెస్తున్నారు. పైగా అది 1951 నాటి మోనో, అంటే ఒకే ట్రాకు, రికార్డింగు, డబ్బాలోంచి వచ్చినట్టుండే గొంతు. ఈనాటి బహుళ స్పీకర్ల మిక్సింగులో కొత్త బట్టకు పాతగుడ్డ మాసిక వేసినట్టు దూరానికే తెలిసిపోతుంది. ఒక గంభీరమైన మరణ దృశ్యంలో దాన్ని వాడిన సినిమాలు నేను చూశాను, ఆ దృశ్యం అక్కడికక్కడే చచ్చింది. నా అభిప్రాయం అడిగితే, ముఖం కనబడే మనిషికి దీన్ని వాడకూడదు. పేరు లేనివాడు, దూరంగా, వేగంగా పడేటప్పుడే ఇది బతుకుతుంది. దీన్ని పెంచిన ఇంటివాళ్లకూ ఆ సంగతి తెలిసినట్టుంది. స్టార్ వార్స్ వరసలో 2017లో వచ్చిన ‘ది లాస్ట్ జెడై’లో ఈ అరుపు లేదు, దాన్ని ఇక పక్కన పెడుతున్నామని ఆ శబ్ద బృందమే చెప్పింది.

చివరిగా ఒక విషయం చెప్పి, మీకు మరొక శబ్దం వినిపించి ముగిస్తాను. ఇన్నాళ్లూ మనం విన్నదంతా నకలుకు నకలు. దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో, అంటే ఆ ముగ్గురు కుర్రాళ్లు చదువుకున్న చోటనే, భద్రపడి ఉన్న పాత శబ్దాల టేపుల నుంచి శుభ్రపరచిన పూర్తి రికార్డింగు 2023లో అంతర్జాలంలో అందరికీ అందుబాటులోకి వచ్చింది. ఆరు అరుపులూ ఉన్నాయి, వాటి మధ్య ఎలా అరవాలో చెబుతున్న మరో గొంతు కూడా ఉంది. మొదటి మూడూ వింటే ఎవరో నటుడు ప్రయత్నం చేస్తున్నట్టే ఉంటుంది, మీకు ఏ సినిమా గుర్తుకు రాదు. నాలుగోది రాగానే తెలుస్తుంది. దీపాలు ఆర్పండి, తెర మీద ఏమీ వేయవద్దు. ఈసారి ఎవరూ పడిపోవడం లేదు, ఎవరినీ మొసలి పట్టలేదు. స్టూడియోలో మైకు ముందు ఒక మనిషి నిలబడి ఉన్నాడు, అంతే.

(దీపాలు ఆర్పారు. రికార్డింగు వినిపించారు.)